గంట కొట్టే వేళ: క్రైస్తవుల నియమిత కాల ప్రార్థనలు



వార్షికోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగారు. హైస్కూల్లో చాలా ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి. చరిత్ర అనగానే పిల్లలకు రాజులు, యుద్ధాలు, తేదీలు గుర్తుకొచ్చి ఆవలింతలు వస్తాయని నాకు బాగా తెలుసు. అందుకే రాజుల్ని పక్కన పెట్టి గంట గురించి రాస్తున్నాను. మన వరండా ముందు వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్కకు కూడా ఒక వంశవృక్షం ఉంది. అందులో ఒక పెద్ద కొమ్మ క్రైస్తవ మఠాల్లోకి పోతుంది.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1985లో నేను తొమ్మిదో తరగతి. పొద్దున్నే గంట కొట్టే డ్యూటీ నాది. పావు తక్కువ ఐదుకు కొట్టాలి. హాస్టల్ మొత్తానికి ఉన్న ఒక్క గడియారం ఆఫీసు గదిలో, ఆ గదికి రాత్రంతా తాళం. నాకు వాచీ లేదు. ఒక పున్నమి రాత్రి మెలకువ వచ్చి చూస్తే ఆవరణంతా తెల్లగా ఉంది. తెల్లారిపోయింది, వార్డెన్ గారు చంపేస్తారని పరుగెత్తి ఠంగు ఠంగున కొట్టేశాను. అందరూ లేచారు. బోరింగు దగ్గర స్నానాలయ్యాయి. స్టడీకి కూర్చున్నారు. ఎంతసేపు చదివినా తెల్లారదు! చివరికి కమాటి తాత లేచి వచ్చి ఆకాశం వంక చూసి, "ఒరే, మూడో జాము కూడా కాలేదు కదరా, ఎవడ్రా గంట కొట్టింది?" అన్నాడు. ఆ ఏడాదంతా నా పేరు 'వెన్నెల గంట'.

ఆ తర్వాత సొంత తెలివి మానేసి, ఊళ్లో మసీదు నుంచి వినపడే తెల్లవారుజాము అజాన్‌ను నమ్ముకున్నాను. అజాన్ కాగానే గంట. కొన్నాళ్లు బాగానే సాగింది. చలికాలం వచ్చేసరికి నా గంట అరగంటకు పైగా ఆలస్యమైపోయింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. అజాన్ నడిచేది సూర్యుణ్ణి బట్టి, వార్డెన్ గారు నడిచేది గడియారాన్ని బట్టి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలిస్తే ఈ పాఠంలో సగం తెలిసినట్టే.

జాము లెక్క

మన పెద్దలు రోజును ఎనిమిది జాములుగా చేశారు. పగలు నాలుగు, రాత్రి నాలుగు. జాము అంటే ఇప్పటి లెక్కలో మూడు గంటలు. రోమన్లు పగటిని పన్నెండు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గంట అన్నారు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్క. మూడో గంట అంటే మన తొమ్మిది, ఆరో గంట అంటే మిట్టమధ్యాహ్నం, తొమ్మిదో గంట అంటే సాయంత్రం మూడు. గమనించారా? మూడు, ఆరు, తొమ్మిది అంటే సరిగ్గా ఒక జాము, రెండు జాములు, మూడు జాములు. ఇద్దరూ మాట్లాడుకుని చేసిన లెక్క కాదు. పగటిని ఎక్కడ సమానంగా కోసినా అక్కడికే వస్తుంది.

అయితే ఈ రోమన్ గంట నిడివి స్థిరంగా ఉండదు. ఎండాకాలం పగలు ఎక్కువ కాబట్టి గంట పెద్దది, చలికాలంలో చిన్నది. రోము నగరంలో నడివేసవిలో ఒక గంట ఇప్పటి 75 నిమిషాలకు దగ్గరగా, నడి చలికాలంలో 45 నిమిషాలకు దగ్గరగా ఉండేది. నా మసీదు గంటకు వచ్చిన చిక్కే ఇది.

క్రైస్తవులకు వేళ ప్రకారం ప్రార్థించడం యూదుల నుంచి వచ్చింది. బైబిల్లో దానియేలు కథ చాలామందికి తెలుసు. యెరూషలేము నుంచి బబులోనుకు పట్టుకుపోయిన కుర్రాళ్లలో ఒకడు. రాజుగారి ఖర్చుతో మూడేళ్లు చదువు, భోజనం. ఒక రకంగా హాస్టల్ విద్యార్థే. రాజు పంపిన భోజనం వద్దని కూరగాయలూ పప్పుగింజలూ అడిగి తిన్నాడు. (మన మెస్సులో అలా అడిగినవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు.) పెద్దవాడై పెద్ద ఉద్యోగంలో ఉన్నప్పుడు, రాజుకు తప్ప ఎవరికీ మొక్కకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆయన మాత్రం యెరూషలేము వైపు కిటికీ తెరిచి రోజుకు మూడుసార్లు ఎప్పటిలాగే మోకరించాడు. దాంతో సింహాల గుహ. ఆయన కొత్తగా చేసిందేమీ లేదు. రోజూ చేసే పనిని ఆ రోజు మానలేదు, అంతే.

యెరూషలేము దేవాలయంలో పొద్దున ఒక బలి, తొమ్మిదో గంటకు మరో బలి జరిగేవి. అపొస్తలుల కార్యములలో పేతురు, యోహాను గుడికి వెళ్లిన వేళ ఆ తొమ్మిదో గంటే. పేతురు మిద్దె ఎక్కి ప్రార్థించిన వేళ ఆరో గంట. తెలుగు బైబిల్లో ఇవి మన గడియారం లెక్కలోకి మార్చి, మూడు గంటలనీ పన్నెండు గంటలనీ ఉంటాయి. అందుకే చదివేవారికి పాత లెక్క కనపడదు.

'దిదకే' అనే చాలా పాత క్రైస్తవ గ్రంథం పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమంటుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరంలో తెర్తుల్లియన్ అనే రచయిత మూడు, ఆరు, తొమ్మిది గంటల ప్రార్థనల గురించి రాశాడు. అప్పటికి మఠాలు లేవు. ఈ వేళలు పాటించినవారు కూలీలు, వర్తకులు, బానిసలు, గృహిణులు. హిప్పొలితు పేరు మీద చెలామణి అయిన 'అపొస్తలిక సంప్రదాయం' అనే పుస్తకంలో ఒక సూచన నాకు చాలా నచ్చింది. ఆ వేళకు నువ్వు ఇంట్లో ఉంటే ప్రార్థించు, వేరేచోట ఉంటే మనసులోనే ప్రార్థించు అని. నడిరాత్రి లేచి చేతులు కడుక్కుని ప్రార్థించమనీ, భార్య విశ్వాసురాలు కాకపోతే వేరే గదిలోకి వెళ్లి చేసుకోమనీ కూడా అందులో ఉంది. అంటే పక్కవారి నిద్ర చెడగొట్టకుండా, గొడవ లేకుండా. మా రూములో ఒక మిత్రుడు రోజూ లైట్లు ఆర్పాక దుప్పటి ముసుగేసుకుని లోపల ఏదో గొణిగేవాడు. తినుబండారాలు దాచుకుని తింటున్నాడని మేమంతా ఒకరోజు దుప్పటి లాగేశాం. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. మేం సిగ్గుపడాల్సింది, నవ్వాం.

బెనెడిక్టు రాసిన హాస్టల్ రూల్సు

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు, పాలస్తీనా ఎడారుల్లో మఠాలు పెరిగాయి. ఐదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక మఠంవారు జట్లుగా విడిపోయి వంతులవారీగా రాత్రింబవళ్లు స్తుతి ఆగకుండా చూసేవారు. వారికి 'నిద్రలేనివారు' అని పేరు. మన అఖండ భజనల వంటిదే, కాకపోతే ఏడాది పొడుగునా.

కానీ పడమటి దేశాల్లో పద్ధతిని స్థిరపరిచినవాడు ఇటలీకి చెందిన బెనెడిక్టు. సుమారు 480లో పుట్టాడు, 547 ప్రాంతంలో పోయాడు. మోంతె కసీనో అనే కొండ మీద మఠం పెట్టాడు. ఆయన రాసిన నియమావళి చిన్న పుస్తకం, 73 అధ్యాయాలు. హాస్టల్లో బతికినవాడికి అది చదువుతుంటే మఠం పుస్తకంలా అనిపించదు, మన రూల్సు బోర్డులా ఉంటుంది.

ఆయన లెక్కలో రోజుకు ఎనిమిది ప్రార్థనలు. నడిరాత్రి దాటాక జాగరణ ప్రార్థన. తెల్లవారుతుండగా లాడ్స్. తర్వాత ప్రీమా, తెర్సియా, సెక్స్తా, నోనా. ఇవేవో పెద్ద పేర్లు కావు, లాటిన్‌లో ఒకటి, మూడు, ఆరు, తొమ్మిది గంటలని అర్థం. పొద్దు వాలాక వెస్పర్స్, పడుకునే ముందు కంప్లిన్. ఒక వారంలో 150 కీర్తనలూ పూర్తికావాలి. పూర్వులు ఒక్కరోజులో ముగించేవారు, మనం వారానికైనా ముగించలేమా అని ఆయన సన్యాసులను కాస్త దెప్పుతాడు.

ఇక పడకగది సంగతి చూడండి. అందరూ ఒకే హాలులో పడుకోవాలి. తెల్లారేదాకా దీపం వెలుగుతుండాలి. బట్టలతోనే పడుకోవాలి, గంట వినగానే లేవడానికి వీలుగా. నడుముకు కత్తి మాత్రం ఉంచుకోకూడదు, నిద్రలో గుచ్చుకుంటుంది. చిన్నవాళ్ల మంచాలు పక్కపక్కన వేయకుండా పెద్దవాళ్ల మధ్య వేయాలి. ఎందుకో ఆయన చెప్పలేదు, మీకు నేను చెప్పనక్కర్లేదు. లేచేటప్పుడు ఒకరినొకరు మెల్లగా ప్రోత్సహించుకోవాలి, ఎందుకంటే నిద్రమొహాలకు సాకులెక్కువ. 1500 ఏళ్లనాడు రాసిన మాట!

గంట కొట్టే పని మఠాధిపతిదే. తాను చేయలేకపోతే జాగ్రత్తగల సోదరుడికి అప్పగించాలి. ఆలస్యంగా లేపితే పాఠాలు కొంత కుదించుకుని సర్దుకోవాలి, ఆలస్యానికి కారకుడైనవాడు గుడిలో అందరి ముందు దానికి ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. వెన్నెల చూసి ముందే లేపినవాడికి శిక్షేమిటో రాయలేదు. ఆ ఒక్కటీ నాకు ఊరట.

మీరు ఒకటో తరగతిలో నేర్చుకునే 'బ్రదర్ జాన్' రైమ్ ఉంది కదా, నిద్రపోతున్నావా అని అడిగేది. దాని అసలు ఫ్రెంచి పాటలో ఆయన పేరు జాక్. ఆయన ఎవరో సోమరి పిల్లవాడు కాడు. మఠంలో వేకువ ప్రార్థనకు గంట కొట్టాల్సిన సోదరుడు. ఆయన లేవలేదు. ప్రపంచంలోని పసిపిల్లలంతా ఆయన్ని ఇప్పటికీ లేపుతూనే ఉన్నారు.

నియమావళిలో నన్ను ఆపేసిన చోటు మాత్రం ఆలస్యంగా వచ్చేవారి గురించిన అధ్యాయం. రాత్రి ప్రార్థనలో మొదట పాడే ఒక కీర్తనను చాలా నిదానంగా, సాగదీస్తూ పాడమంటాడు. అది ముగిసేలోపు వచ్చినవాడు ఆలస్యంగా వచ్చినట్టు కాదు. ఆ తర్వాత వచ్చినవాడు చివర నిలబడాలి. అయినా లోపలికి రావాలి, బయట ఉండిపోకూడదు. బయట ఉంటే మళ్లీ పోయి పడుకుంటాడు, లేదా కబుర్లు చెబుతూ కూర్చుంటాడు అంటాడు. గేటు మూసేసి ఎండలో నిలబెట్టే పద్ధతికీ దీనికీ తేడా చూడండి. దూరాన పొలంలో ఉన్నవాడు, ప్రయాణంలో ఉన్నవాడు ఉన్నచోటే మోకరించి ఆ వేళ ప్రార్థన చేసుకోవచ్చు.

ఈ వేళల నుంచి భాషలోకి దిగిన మాటలు కూడా ఉన్నాయి. స్పెయిన్‌లో మధ్యాహ్నం కునుకును 'సియెస్తా' అంటారు. అది సెక్స్తా, ఆరో గంట. వేసవిలో ఆరో గంట తర్వాత భోంచేసి మౌనంగా పడుకోవచ్చని బెనెడిక్టు ఒప్పుకున్నాడు. చదువుకోదలిచినవాడు చదువుకోవచ్చు, పక్కవాడికి వినపడకుండా. ఇంగ్లీషులో 'నూన్' అంటే పన్నెండు కదా. ఆ మాట నోనా నుంచి వచ్చింది, అంటే తొమ్మిదో గంట, మన మూడు. మూడు జరిగి పన్నెండెలా అయింది? ఉపవాస కాలాల్లో నోనా అయితేగాని భోజనం లేదు. ఆకలికి తాళలేక నోనా ప్రార్థనను కొంచెం కొంచెం ముందుకు లాక్కున్నారని ఒక కారణం చెబుతారు. హాస్టల్ వాసులకు దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

ఇంత కచ్చితంగా లేవాలంటే కాలం తెలియాలి. ఆరో శతాబ్దంలో తూర్ నగర బిషప్పు గ్రెగరీ, రాత్రిపూట ఏ నక్షత్రం ఎక్కడుంటే ఏ ప్రార్థన మొదలుపెట్టాలో చెబుతూ ఒక పుస్తకమే రాశాడు. మన కమాటి తాత విద్యే అది. నీటి గడియారాలు, గుర్తులు పెట్టిన కొవ్వొత్తులు కూడా వాడారు. 13వ శతాబ్దం చివర్లో బరువులతో తిరిగే యంత్ర గడియారాలు వచ్చాయి. ఇంగ్లీషు 'క్లాక్' అనే మాటకు మూలం గంట అనే అర్థమున్న పదం. యూరప్‌కు గడియారపు క్రమశిక్షణ నేర్పింది మఠాలేనని లూయిస్ మంఫర్డ్ 1934లో రాశాడు. అక్కడినుంచి ఫ్యాక్టరీ సైరను, స్కూలు బెల్లు, మన రైలుపట్టా. నాకు ఆ వాదన కొంత అతిగానే అనిపిస్తుంది. కానీ పూర్తిగా కొట్టిపారేయలేం.

చదువు రానివాడి ప్రార్థన

ఇంతవరకూ మంచి మాటలే చెప్పాను. రెండోవైపు కూడా చెప్పాలి. మధ్యయుగాల్లో ఈ ప్రార్థనలన్నీ లాటిన్‌లో. లాటిన్ చదువుకున్నవాళ్లు గుడిలో వరుసల్లో నిలబడి పాడేవారు. చదువు లేని 'లే బ్రదర్స్' వేరుగా ఉండి పొలం దున్నేవారు, పశువుల్ని కాసేవారు, రొట్టెలు కాల్చేవారు. 12వ శతాబ్దపు సిస్టర్సియన్ మఠాల్లో వీరికి పడకగది వేరు, భోజనశాల వేరు, గుడిలో చోటు వేరు. కీర్తనలకు బదులు పరలోక ప్రార్థనను ఇన్నిసార్లని లెక్కపెట్టి చెప్పుకోవాలి. ఒకే దేవుడు, ఒకే గంట, రెండు వరుసలు. అర్థంకాని భాషలో మంత్రం ఒకరిది, పని ఒకరిది. ఈ బొమ్మ మనకు ఎక్కడో చూసినట్టు ఉంటుంది కదా.

అయినా చదువు రానివాళ్లు ఊరుకోలేదు. 150 కీర్తనలు చదవలేనివారు 150 ప్రార్థనలను పూసలతో లెక్కపెట్టుకున్నారు. ఇప్పటి జపమాల వెనుక ఈ లెక్క ఉంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చర్చి గంట మోగగానే ఉన్నచోటే నిలబడి చేసే ప్రార్థన మరొకటి. మన కథోలికులు దాన్ని త్రికాల జపం అంటారు. ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1850లలో దీని మీదే 'ఏంజెలస్' అనే బొమ్మ వేశాడు. బంగాళాదుంపల చేలో సాయంత్రం పూట ఒక ఆడమనిషి, ఒక మగమనిషి తలవంచుకుని నిలబడి ఉంటారు. దుంపలు తవ్వే ముళ్ల పనిముట్టు నేలలో దిగేసి ఉంటుంది. దూరంగా చర్చి గోపురం. అది ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. సోషల్ టీచరుగా నేను ఏ తరగతికి చూపించినా పిల్లలు మొదట అడిగేది, "సార్, వాళ్లు ఏడుస్తున్నారా?" అని.

ఆ తర్వాతి సంగతులు క్లుప్తంగా. ఇంగ్లండులో 1549 నాటి సామాన్య ప్రార్థన పుస్తకం ఈ వేళలన్నిటినీ ఉదయ ప్రార్థన, సాయంకాల ప్రార్థన అని రెండింటికి కుదించి, జనం మాట్లాడే భాషలో పెట్టింది. ఈ పద్ధతే ఆంగ్లికన్ మిషన్లతో మన ప్రాంతాలకు వచ్చింది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ.కి కూడా ఉదయ, సాయంకాల ఆరాధన క్రమాలు అటునుంచే వచ్చాయి. లూథర్ 1529లో రాసిన చిన్న జ్ఞానబోధలో పొద్దున లేవగానే ఒకటి, పడుకునే ముందు ఒకటి ప్రార్థనలున్నాయి. కథోలిక సంఘం 1963 నాటి వాటికన్ మహాసభలో ప్రీమాను తీసేసింది. ఆ తర్వాత వచ్చిన కొత్త పుస్తకంలో కీర్తనలను వారానికి కాక నాలుగు వారాలకు సర్దారు, మాతృభాషల్లో చెప్పుకోనిచ్చారు. తూర్పు సంఘాలు అంత తగ్గించలేదు. ఈజిప్టు కోప్తులకు 'అగ్పేయ' ఉంది. కేరళలోని మలంకర ఆర్థొడాక్స్ వారికి 'షెహిమో' అనే పుస్తకం ఉంది. ఏడు వేళలు, తూర్పు ముఖంగా నిలబడి. వారికి రోజు మొదలయ్యేది పొద్దున కాదు, సాయంత్రం.

మా పేటలో గంట

మా తాత గుంటూరు జిల్లాలో ఒక కామందు దగ్గర పాలేరు. కోడి కూయకముందే కొట్టంలో పేడ తీయాలి. రాత్రి కామందు "ఇక పో" అన్నాకే ఇంటికి. ఆయన రోజులో ఆయనది అని చెప్పుకునే గంట ఒక్కటీ లేదు. బెనెడిక్టు పేరు ఆయన వినలేదు, జాములు మాత్రం తెలుసు.

మా పేటలోని మందిరంలో రోజూ రాత్రి ప్రార్థన ఉండేది. దీపాలు పెట్టే వేళకు పెట్టుకుంటే ఎవరూ రాలేరు కాబట్టి, కూలీకి పోయినవాళ్లు తిరిగొచ్చే వేళకు పంతులుగారు గంట కొట్టేవారు. పొలాల మీదుగా కామందు దొడ్డి దాకా వినపడేది. ఒక కోతల కాలంలో గంట మోగాక తాతకు ఇంకో పని చెప్పారట. తాత పలుగు గోడకు ఆనించి, "గంట కొట్టారు అయ్యగోరూ, పోయొస్తా" అని వచ్చేశాడట. అప్పటిదాకా ఆ ఇంట్లో "పోయొస్తా" అని తనంతట తాను అనలేదు. దానికి కామందు ఏమన్నాడో తాత ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడు జీతం గింజల్లో కోత పడిందని మాత్రం నాయనమ్మ చెప్పేది. పంటలప్పుడల్లా చెప్పేది, ఎన్ని కుంచాలు తగ్గాయో లెక్కతో సహా.

ఆ తర్వాత కూడా తాత తొందరగా రాగలిగిన రోజులు తక్కువేనట. బురద కాళ్లతో, గుమ్మం పక్కన కడవలో నీళ్లతో కాళ్లు కడుక్కుని వెనక కూర్చునేవాడు. అందుకని పంతులుగారు మొదటి పాటను రెండుసార్లు పాడించేవారు. ఒకసారి అయ్యాక తలుపు వైపు చూసి, మళ్లీ పల్లవి ఎత్తుకునేవారు.